పర్లాకిమిడి షాపుల బిల్లింగ్‌కి కుకుంబర్ ఎలా పనిచేస్తోంది

సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్ట్ టూల్స్ చాలానే ఉన్నా నేను కుకుంబర్‌నే పట్టుకున్నాను. సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో మామూలు మాటల్లో రాసే దాని ఫీచర్ ఫైల్‌ని కోడ్ రానివాళ్లు కూడా చదవగలరు. పర్లాకిమిడిలో బట్టల షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసేవాడికి అదే ముఖ్యం.

మా షాపులకి ఒడిశా వాళ్లూ వస్తారు, పక్కనే పాతపట్నం నుంచి ఆంధ్రా వాళ్లూ వస్తారు. కొన్నవాళ్లకి జీఎస్టీ నంబరు లేకపోతే, 2023 అక్టోబరు 1 నుంచి బిల్లు మీద రాసిన అడ్రస్‌ని బట్టే పన్ను ఏ రకమో తేలుతుంది: వేరే రాష్ట్రం అడ్రస్ అయితే ఐజీఎస్టీ, షాపున్న రాష్ట్రమే అయితే సీజీఎస్టీ (కేంద్రానిది), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రానిది). దాన్ని ఇలా రాశాను:

సన్నివేశం: పాతపట్నం అడ్రస్‌తో బిల్లు
చెప్పబడినది షాపు ఒడిశాలో ఉంది
మరియు బిల్లు మీద పాతపట్నం అడ్రస్ ఉంది
ఈ పరిస్థితిలో 4000 రూపాయల చీరకి బిల్లు చేస్తే
అప్పుడు ఐజీఎస్టీ 200 రూపాయలు పడాలి

ప్రింట్ తీసి షావుకారు గారికిచ్చాను. నిదానంగా చదివి, "అడ్రస్ చెప్పకుండా డబ్బులిచ్చి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ కదా బాబూ, వాళ్ల సంగతేంటి?" అన్నారు. దాంతో రెండో సన్నివేశం పుట్టింది: అడ్రస్ లేకపోతే షాపున్న రాష్ట్రం లెక్కే, సీజీఎస్టీ 100, ఎస్‌జీఎస్టీ 100. ఒక్క లైను కోడ్ రాయకముందే ఈ ప్రశ్న వచ్చింది చూడండి, నేను కుకుంబర్‌ని మెచ్చుకునేది ఇందుకే.

సన్నివేశంలో షాపు నియమమే ఉండాలి. "ఫలానా బటన్ నొక్కితే" అని రాస్తే, స్క్రీన్ మారినప్పుడల్లా ఫైల్ మార్చాలి, షావుకారు గారికీ విసుగు. రేట్లు మాత్రమే మారే కేసులకి ఉదాహరణల పట్టిక పెడితే సరిపోతుంది.

చాకిరీ కూడా తక్కువేం కాదు. ప్రతి వాక్యానికీ వెనకాల దాన్ని నడిపే స్టెప్ కోడ్ ఉండాలి. ఒకరు "బిల్లు చేస్తే" అని, ఇంకొకరు "బిల్లు కొడితే" అని రాస్తే రెండోదానికి కోడ్ కుకుంబర్‌కి దొరకదు. టీమ్‌లో మాట ముందే ఖాయం చేసుకోవాలి. తెలుగులో రాసేవాళ్లకి ఇంకో చిక్కు, కీవర్డ్ ("మరియు", "అప్పుడు" లాంటి మాట) లైను మొదట్లోనే రావాలి. చదవడానికి ఎబ్బెట్టుగా అనిపిస్తే దాని బదులు నక్షత్రం గుర్తు పెట్టండి, ఒప్పుకుంటుంది.

2008లో అస్లక్ హెలెసోయ్ రూబీలో మొదలుపెట్టిన ఈ టూల్ ఇప్పుడు జావా, జావాస్క్రిప్ట్‌లలో కూడా ఉంది. ఓపెన్ సోర్స్, పైసా ఖర్చు లేదు. కానీ మీ ఫీచర్ ఫైళ్లని ప్రోగ్రామర్లు తప్ప ఎవరూ చదవకపోతే ఈ అదనపు పని పెట్టుకోకండి. నేరుగా జేయూనిట్‌లో (జావా కోడ్‌లోనే టెస్టులు రాసే టూల్) రాసుకోండి.