కొత్త టైర్ల తర్వాత మొదలైన అదురు, కొమ్మాది మేస్త్రి గారి సుద్దముక్క

విశాఖపట్నంలో కొమ్మాది జంక్షన్ దాటి ఆనందపురం వైపు కొంచెం దూరం వెళ్తే ఎడమ చేతి పక్కన ఒక రేకుల షెడ్డు వస్తుంది. బోర్డు లేదు. ముందు మూడు పాత లారీ టైర్లకి సున్నం కొట్టి నిలబెట్టారు, అదే గుర్తు. కొత్త టైర్లు వేయించి, బ్యాలెన్సింగ్ (చక్రానికి చుట్టూ బరువు సమానం చేయడం) ఒకటికి రెండుసార్లు చేయించినా హైవే ఎక్కగానే కారు అదురుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి అక్కడికి వెళ్లండి. నేను 23 రోజులు పడ్డ అవస్థ అక్కడ గంటన్నరలో తీరింది.

మాది 2016 స్విఫ్ట్ వీఎక్స్ఐ. ఇనప చక్రాలు, పైన ప్లాస్టిక్ క్యాపులు. టైరు సైజు 165/80 ఆర్14. ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరం. అమ్మకి నడుము ఆపరేషన్ అయింది. ఉండేది శ్రీకాకుళంలో అన్నయ్య దగ్గర, చూపించుకోవాల్సింది ఇక్కడి డాక్టరుకి. అందుకని నెలకి రెండుసార్లు నేనే వెళ్లి తీసుకొస్తాను, మళ్లీ దిగబెడతాను. అమ్మ వెనక సీట్లో రెండు దిండ్లు పెట్టుకుని కూర్చుంటుంది. రోడ్డు మీద చిన్న గతుకు వచ్చినా అద్దంలో అమ్మ మొహమే చూస్తాను. టైర్లు అరిగిపోయాయని తెలిసిన రోజునే మార్పించడానికి కారణం కూడా అదే.

సిటీలో ఒక పెద్ద షోరూంలో నాలుగూ కొత్తవి వేయించాను. 17,600 అయింది. సిటీలో తిరిగినంతసేపూ కారు పూల మీద నడిచినట్టుంది. రెండు రోజుల తర్వాత శ్రీకాకుళం బయల్దేరాను. ఆనందపురం దాటాక 75 దగ్గర స్టీరింగులో సన్నగా అదురు మొదలైంది. 90కి వచ్చేసరికి అరచేతులు జివ్వుమన్నాయి. 100 దగ్గర కాస్త సర్దుకుంది. మళ్లీ 90కి దిగితే మళ్లీ అదే. పాత అరిగిన టైర్లతో ఎప్పుడూ లేని బాధ ఇది.

షోరూంకి తిరిగి వెళ్లాను. మళ్లీ మిషన్ ఎక్కించారు. రెండు వైపులా సున్నా చూపించింది. "చూడండి మేడమ్, జీరో వచ్చింది. కొత్త టైర్లు కదా, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగితే సెట్ అయిపోతాయి" అన్నారు. తిరిగాను. సెట్ అవలేదు. రెండోసారి వెళ్తే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి పంపారు. ఆ రోజు స్టీరింగులో అదురు పోయింది. నాకు ఎంత సంతోషమేసిందో! ఆ సంతోషం తగరపువలస దాకానే. "సీటు కింద ఏదో గుర్రుమంటోందే" అంది అమ్మ వెనక నుంచి. తన పక్కనున్న సీసాలో నీళ్లు అంచు పొడవునా చిన్న చిన్న అలలుగా వణుకుతున్నాయి. నా చేతుల్లోంచి తీసి అమ్మ నడుములో పెట్టినట్టయింది. ఆ రోజంతా 60 దాటలేదు.

తర్వాత ఇంకో చోట చక్రాల వాలు, దిశ సరిచేసే అలైన్‌మెంట్ చేయించాను. రంగుల కాగితం మీద ముందూ వెనకా కొలతలు ప్రింటు తీసి ఇచ్చారు. ఏమీ తేడా లేదు. అలైన్‌మెంట్ తప్పితే కారు ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. ఒక స్పీడులో వచ్చి ఇంకో స్పీడులో తగ్గే అదురు మామూలుగా దానివల్ల రాదు. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పటికే డబ్బు కట్టేశాను.

మేస్త్రి గారి సంగతి మా బ్యాంకు దగ్గర బండి నడిపే ఒకతను చెప్పాడు. శనివారం పొద్దున్నే వెళ్లాను. మేస్త్రి గారికి అరవై దాటి ఉంటాయి. చేతులు తుడుచుకుంటూ వచ్చి కారు వైపు చూడలేదు, నన్నే అడగడం మొదలుపెట్టారు.

"ఎప్పుడొస్తాదమ్మా? బ్రేకు తొక్కినప్పుడా, ఊరికే పోతున్నప్పుడా?"

ఊరికే పోతున్నప్పుడే అన్నాను. బ్రేకు తొక్కితే పెరుగుతుందా? లేదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఎక్కువవుతుందా? లేదు. ఏ స్పీడులో మొదలు, ఏ స్పీడులో తగ్గుతుంది? చెప్పాను. ముందువి వెనక్కి మార్చాక అదురు అమ్మ సీటు కిందకి వెళ్లిందని చెప్పగానే చెయ్యెత్తి ఆపారు. "అయితే సగం పని మీరే చేసుకొచ్చారమ్మా. రోగం బండిలో లేదు, చక్రంలో ఉంది. చక్రంతో పాటే ఎనక్కెళ్లింది" అన్నారు. ఇన్ని రోజుల్లో ఎవరూ నన్ను అడగని ప్రశ్నలు అవి.

అప్పుడు కూడా జాకీ తీయలేదు. "సూద్దాం పదండి" అని పక్క సీట్లో కూర్చున్నారు. బోయపాలెం దాటాక రోడ్డు ఖాళీగా ఉన్న చోట 90కి వెళ్లమని, క్లచ్ తొక్కి పట్టుకుని కారుని దానంతట దొర్లనివ్వమన్నారు. ఇంజను శబ్దం తగ్గిపోయింది కానీ సీటు కింద గుర్రు తగ్గలేదు. అంటే ఇంజను, దాన్ని పట్టి ఉంచే మౌంటింగులు కాదు, దొర్లే వస్తువే అని లెక్క. ఆయన అరచేయి వెనక సీటు మీద ఆనించి ఎడమకి ఒకసారి, కుడికి ఒకసారి జరిపి, "ఎడం పక్కే" అన్నారు.

షెడ్డుకి వచ్చాక జరిగింది కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అక్కడే నాకు కళ్లు తెరుచుకున్నాయి.

ఎడమ వెనక చక్రం విప్పి బ్యాలెన్సింగ్ మిషన్ మీద పెట్టారు. అందరిలా బటన్ నొక్కలేదు. పక్కన ఒక స్టూలు, దాని మీద రెండు ఇటుకలు పేర్చి, పై ఇటుక మీద సుద్దముక్క పెట్టి, దాని మొన టైరు ముఖానికి వెంట్రుకవాసి దూరంలో ఉండేలా సర్దారు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పారు. చాలాసేపు ఏమీ తగల్లేదు. ఒక చోటికి రాగానే సుద్ద "స్స్" మని రాసుకుంది. ఇంకో చుట్టు తిప్పారు, మళ్లీ సరిగ్గా అక్కడే. ఆపి చూపించారు. నల్లటి టైరు మీద జానెడు పొడవున తెల్లటి గీత, మిగతా అంతా నల్లగానే ఉంది. అంటే ఆ జానెడు మేర టైరు పైకి లేచి ఉంది. తర్వాత అదే సుద్ద రిమ్ము అంచుకి పెట్టి తిప్పితే చుట్టూ ఒకే దూరం. రిమ్ము వంకర లేదు.

"మిషన్ సున్నా చూపిస్తోంది కదండీ మరి" అన్నాను.

"అది బరువు చెప్తాదమ్మా, గుండ్రం చెప్పదు. బరువు సమానంగా ఉంటే గాల్లో సాఫీగా తిరుగుతాది. రోడ్డు మీద దొర్లాలంటే గుండ్రంగా కూడా ఉండాలి కదా."

ఇంటికి వెళ్లాక లెక్క వేసుకున్నాను. మా టైరు చుట్టుకొలత రెండు మీటర్లకి కాస్త తక్కువ. 90 స్పీడులో కారు సెకనుకి 25 మీటర్లు పోతుంది. అంటే ఆ లేచిన జానెడు సెకనుకి దాదాపు 13 సార్లు రోడ్డుని తన్నుతుంది. అమ్మ నడుముకి తగిలింది అదే.

ఎందుకు లేచిందో కూడా చూపించారు. టైరు పక్క గోడ మీద, రిమ్ముకి ఆనుకుని, చుట్టూ సన్నటి గీత ఒకటి ఉబ్బెత్తుగా ఉంటుంది. టైరు సరిగ్గా కూర్చుంటే ఆ గీత రిమ్ము అంచుకి చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. మా టైరుకి ఒక చోట ఆ గీత రిమ్ము లోపలికి దాదాపు దాక్కుంది, దానికి ఎదురుగా గోరు పట్టేంత సందు ఉంది. ఇన్ని రోజులూ అది నా కళ్ల ముందే ఉంది. చూడాలని తెలియదు.

గాలి తీసి, టైరు అంచు రిమ్ము నుంచి విడగొట్టారు. లోపల టైరు కూర్చునే పట్టీ మీద ఎర్రటి తుప్పు పొలుసులు పొలుసులుగా కట్టి ఉంది. సముద్రపు గాలి, ఇనప చక్రం, తొమ్మిదేళ్లు. లాసన్స్ బేలో మా బాల్కనీ గ్రిల్లుకి రెండేళ్లకోసారి రంగు వేయిస్తాం కానీ చక్రం లోపల ఎవరు చూస్తారు? టైర్లు మార్చినవాళ్లు చూడాలి. పాత టైరు తీసినప్పుడు ఆ తుప్పు వాళ్ల కళ్లెదురుగానే ఉండి ఉంటుంది. వైరు బ్రష్షుతో రెండు నిమిషాలు రుద్దితే అయిపోయేది. దాని మీదే కొత్త టైరు ఎక్కించి, సరిగ్గా కూర్చోని చక్రానికి బరువులు తగిలించి సున్నా తెప్పించారు. ఆ ఒక్క చక్రానికి 70 గ్రాముల ముక్కలు ఉన్నాయి. "ఇంత బరువు అడుగుతోందంటే ఎందుకు అడుగుతోందో సూడాల కదా" అన్నారు మేస్త్రి గారు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది.

వైరు బ్రష్షు, గరుకు కాగితం, పొడి గుడ్డ. మధ్య రంధ్రం చుట్టూ కూడా రుద్దారు, అక్కడ తుప్పు ఉంటే చక్రం తనని బిగించే హబ్‌కి ఆనుకోదట. సబ్బు నీళ్లు అంచంతా పూసి, టైరుని రిమ్ము మీద సగం చుట్టు తిప్పి ఎక్కించారు. గాలి పడుతుంటే "టప్" అని ఒకసారి, కాసేపటికి ఇంకోసారి వినిపించింది. మీటరు 40 దాటనివ్వలేదు. వేలితో ఆ గీత చుట్టూ తడిమి చూసి, నన్నూ తడమమన్నారు. చుట్టూ ఒకటే సందు. సుద్దముక్క మళ్లీ పెడితే ఈసారి చుట్టూ అక్కడక్కడా పలచగా తాకింది. అప్పుడు మిషన్ బటన్ నొక్కారు. 15 గ్రాములు సరిపోయింది.

మిగతా మూడూ విప్పి చూశారు. ఒకదానికి కొద్దిగా ఉంది, అదీ సరిచేశారు. నట్లు ఎదురెదురుగా బిగించి, కారు కిందకి దించాక చివరి బిగింపు చేత్తోనే చేశారు, నట్లు బిగించే గన్‌తో కాదు.

మొత్తం 1,100 తీసుకున్నారు. ఫోన్‌పే ఉంది. బిల్లు ఇవ్వరు. ఇది నాకు నచ్చలేదు, ఆ మాట ఆయనతోనే అన్నాను. కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ తప్ప ఏమీ లేదు, బాత్రూం లేదు, అమ్మలాంటివాళ్లని వెంట తీసుకెళ్లకండి. అలైన్‌మెంట్ మిషన్ కూడా లేదు. కానీ ఒక విషయం బాగా నచ్చింది. శుభ్రం చేసి కూర్చోబెట్టాక కూడా సుద్ద అక్కడే తాకి ఉంటే అది టైరు తయారీలోనే లోపమని, అప్పుడు తన దగ్గర ఖర్చు పెట్టకుండా కొన్న బిల్లు పట్టుకుని షోరూం ద్వారా కంపెనీకి క్లెయిమ్ పెట్టమని ముందే చెప్పారు. తన పని కానిది తన పని కాదని చెప్పే మనిషి మీద నాకు నమ్మకం కుదురుతుంది.

ఆ షోరూంకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "సరే మేడమ్, నోట్ చేసుకుంటాం" అన్నారు. నిజంగా నోట్ చేసుకోవాలి. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు ఇది. ఇనప చక్రాల కార్లు రోజుకి ఎన్ని వస్తాయో వాళ్లకే తెలుసు.

మర్నాడు ఆదివారం అమ్మని దిగబెట్టడానికి బయల్దేరాను. ఆనందపురం దాటాక 75, 80, 90. ఆ స్పీడు దగ్గర అలవాటైపోయి చేతులు స్టీరింగుని బిగించి పట్టుకున్నాయి. ఏమీ రాలేదు. సీసాలో నీళ్లు నిలకడగా ఉన్నాయి. పైడిభీమవరం వచ్చేసరికి అమ్మ దిండు మీద తల వాల్చి నిద్రపోయింది. ఆపరేషన్ అయ్యాక కారులో నిద్రపోవడం అదే మొదటిసారి.

వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఒకసారి చూపించుకోమన్నారు. వెళ్తే రెండు నిమిషాల్లో చూసి పంపారు, డబ్బు తీసుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం తర్వాత షెడ్డు తీయరు. పనిలో ఉంటే ఫోన్ ఎత్తరు, నేరుగా వెళ్లడమే మేలు. పొద్దున 9 లోపు వెళ్తే లారీలు రాకముందే మన పని అయిపోతుంది. వెళ్లేముందు ఏ స్పీడులో మొదలవుతోందో, బ్రేకు తొక్కితే ఏమవుతోందో, స్టీరింగులోనా సీటు కిందా అన్నది గమనించుకుని వెళ్లండి, ఆయన మొదట అడిగేది అదే.