పన్నెండు అంకెల కాలిక్యులేటర్: 3816547290తో ఒక పరీక్ష

నెల్లూరు ట్రంకురోడ్డులోని ఒక స్టేషనరీ దుకాణంలో ఈ పన్నెండు అంకెల టేబుల్ కాలిక్యులేటర్ కొన్నాను. స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ కొట్లలో గుమాస్తాల ముందు కనిపించే రకమే అయినా, నేను తీసుకున్నది పదో తరగతి పిల్లలకు సంఖ్యల స్వభావం చూపించడానికి, అందుకే దీన్ని 3816547290 అనే సంఖ్యతో పరీక్షించాను.

సున్నా నుంచి తొమ్మిది వరకు ప్రతి అంకే ఒక్కసారి వచ్చే ఈ సంఖ్యలో మొదటి రెండంకెలు 38 రెండుతోనూ, మొదటి మూడు 381 మూడుతోనూ, 3816 నాలుగుతోనూ, అలా చివరిదాకా శేషం లేకుండా భాగింపబడతాయి. పది అంకెలనూ ఒక్కొక్కసారి వాడి ఈ నియమానికి నిలిచే సంఖ్య ఇదొక్కటే. చివర సున్నా, ఐదో స్థానంలో 5, సరి స్థానాల్లో సరి అంకెలు తప్పవు కాబట్టి, 3, 4, 6, 8 నియమాలు కూడా కలిపి కాగితం మీద వడపోస్తే పది సంఖ్యలే మిగులుతాయి. వాటిలో తొమ్మిదింటిని తోసిపుచ్చేది 7.

ఈ యంత్రం విలువ తెలిసింది అక్కడే. 3816547ను 7తో భాగిస్తే 545221 అని నిండుగా వచ్చింది. మిగిలిన వాటిలో ఒకటైన 1836547290లో మొదటి ఏడంకెలు 1836547ను భాగిస్తే 262363.857142 అని తెర నిండిపోయింది. ఏడుతో భాగించినప్పుడు తిరిగి తిరిగి వచ్చే ఆరంకెల చక్రం దశాంశ బిందువు తర్వాత పూర్తిగా కనిపించడం పిల్లలకు ఎంతో అవసరం. ఎనిమిది అంకెల యంత్రంలో.85 దగ్గరే అది ఆగిపోతుంది.

మీటలు పెద్దవి, అంకెలు వెనుక బెంచీ వరకు కనిపించవు గానీ పక్కన కూర్చున్నవారికి స్పష్టం. నాకు నచ్చనిది కామాల పద్ధతి. 381 కోట్ల 65 లక్షల 47 వేల 290 అని చదవవలసిన సంఖ్యను మూడేసి అంకెలుగా విడగొట్టి చూపిస్తుంది, దానితో మన పిల్లలు చదవడానికి తడబడతారు.

ఇదే నియమాన్ని పాటించే సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది 3608528850368400786036725; దీనిలో అంకెలు తిరిగి రావచ్చు. ఇరవై ఐదు అంకెలు తెరలో పట్టవు. అయినా మొదటి పన్నెండు అంకెలను 12తో భాగిస్తే 30071073753 సరిగ్గా వస్తుంది. పదమూడో అడుగుకు మాత్రం కాగితం పక్కన పెట్టుకోవాలి: 360852885036ను 13తో భాగించి, వచ్చిన 27757914233ను తిరిగి 13తో గుణించి తీసివేస్తే శేషం 7, దాని పక్కన తర్వాతి అంకె 8 చేర్చితే 78, అది పదమూడుకు సరిగ్గా ఆరు రెట్లు.