సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొనబోతున్నారా? డబ్బులిచ్చే ముందు ఇది చదవండి (నెల్లూరు, ఒంగోలు వాళ్లు ముఖ్యంగా)

మాది ఉలవపాడు. మా తమ్ముడు ఈ ఎండాకాలం మామిడి తోటల్లో కాయలు ట్రేల్లో సర్దే పనికి పోయి, ఆ కూలి డబ్బుల్లో 5,200 రూపాయలు దాచుకున్నాడు. కంప్యూటర్లో పెద్ద ఆటలు ఆడేందుకు గ్రాఫిక్స్ కార్డు వేసుకోవాలని వాడికి రెండేళ్ల నుంచీ ఆశ. నెల్లూరు తీసుకుపోయి కొనిచ్చింది నేనే. ఆ డబ్బంతా ఒక దొంగ (నకిలీ) కార్డుకు పోయింది. ఇంకో ఇంట్లో ఇట్టా జరగకూడదని మొత్తం రాస్తున్నా. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి షాపు పేరు మాత్రం రాయను, అడగొద్దు.

మావాడిది ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. పిల్లల చదువుకని తక్కువలో కొన్న ఇట్టాంటి పెట్టెలు మన వైపు చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటితో వచ్చే చిక్కేందంటే, లోపలి ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) చిన్నది. మాది 290 వాట్లు, గ్రాఫిక్స్ కార్డుకు విడిగా కరెంటు ఇచ్చే ఆరు పిన్నుల వైరు దానికి లేదు. మదర్‌బోర్డు స్లాటు నుంచి వచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు కావాలి. అందుకే అందరూ జీటీఎక్స్ 1050 టీఐ పేరే చెప్తారు. 2016లో వచ్చిన కార్డు, 4 జీబీ మెమరీ, 75 వాట్లు చాలు. మేమూ అదే అడిగాం.

షాపాయన అట్టపెట్టె లేని కార్డు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. తుడిచి పెట్టినట్టున్నాడు, కొత్తదానిలా మెరుస్తా ఉంది. పక్కన ఆరు పిన్నుల సాకెట్ కనిపించి నేనే అడిగా.

"అన్నా, మా ఎస్ఎంపీఎస్‌కి ఈ వైరు లేదే?"

"ఏం పర్లేదు తమ్ముడూ, సాటా కన్వర్టర్ నేనే ఊరికే ఇస్తాగా."

అంటే హార్డ్ డిస్కులకు కరెంటిచ్చే సాటా వైరును ఆరు పిన్నుల వైరుగా మార్చే ముక్క. తర్వాత మానిటర్ ఏదని అడిగాడు. పాతది, నీలం రంగు వీజీఏ వైరుదని చెప్పాం. "ఇంకేం, దీనికి వీజీఏ కూడా ఉంది, నేరుగా పెట్టుకోండి" అన్నాడు. పోయే ముందు ఒక పెన్‌డ్రైవ్‌లోని డ్రైవరు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) మా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, "ఇదే వెయ్యండి, అప్‌డేట్ అడిగితే నొక్కబాకండి" అని జాగ్రత్త కూడా చెప్పాడు.

ఎంత మంచాయనో అనుకుంటా బస్సెక్కాం. తర్వాత తెలిసింది, ఆయన సాయంలా చెప్పిన ఆ మూడు మాటలే కార్డు దొంగదని చెప్పే మూడు గుర్తులు.

ఇంటికొచ్చి బిగించాం. డివైస్ మేనేజర్‌లో జీటీఎక్స్ 1050 టీఐ అనే వచ్చింది. జీటీఏ 5 ఆట సెట్టింగుల్లో వీడియో మెమరీ 4 జీబీ అని చూపించింది. మావాడు స్నేహితులకు ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాడు. ఆట మొదలుపెట్టి ఊళ్లోకి కారేసుకుని పోతే ఐదారు నిమిషాలు బాగానే ఉంటుంది. తర్వాత మేడలు నల్లగా అయిపోతాయి, రోడ్డు మీద రంగుల గీతలు పడతాయి, సెకనుకు వచ్చే ఫ్రేములు 15కి పడిపోయి ఆట కొయ్యబారిపోతుంది. మేము కార్డును అనుమానించలేదు. డబ్బా విప్పి దుమ్ము ఊదాం, ప్రాసెసర్‌కు థర్మల్ పేస్టు మార్చాం, పవర్ సెట్టింగు హై పెర్ఫార్మెన్స్‌కి పెట్టాం, చివరికి విండోస్ మొత్తం మళ్లీ వేశాం. రెండు రాత్రులు వాడు నిద్రపోలేదు.

మూడో రోజు సాయంత్రం గదిలో కాలిన ప్లాస్టిక్ వాసన. స్విచ్ ఆపి సైడు ప్యానెల్ తీస్తే కన్వర్టర్ దగ్గర వేడి చేతికి తగిలింది. నల్లటి సాటా ప్లగ్గు ఒక మూల గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి, వైరు వైపు పిన్నులకు అతుక్కుపోయింది. పట్టి లాగితే సన్నని తీగలా సాగి ఊడింది. వాడు అప్పుడు గదిలో లేకుండా ఆటను అట్టాగే వదిలేసి భోజనానికి పోయి ఉంటే ఏమయ్యేదో నాకు తలుచుకోవడానికే భయంగా ఉంది.

ఇది అందరూ తెలుసుకోవాల్సిన లెక్క. సాటా ప్లగ్గులో 12 వోల్టుల పిన్నులు మూడు, ఒక్కోదానికి 1.5 ఆంపియర్లు. అంతా కలిపి 54 వాట్లే. ఆరు పిన్నుల సాకెట్ 75 వాట్ల దాకా లాగుతుంది. అందుకే ఒక్క సాటా వైరు నుంచి గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఇచ్చే కన్వర్టర్ ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

మావాడి కాలేజీ స్నేహితుడు జీపీయూ-జెడ్ వేసి చూడమన్నాడు. కార్డు లోపల ఏముందో చూపించే ప్రోగ్రాం అది. ఉచితమే, చిన్న ఫైలు, నిమిషం పని. తెరవగానే కార్డు పేరు ముందే 'ఫేక్' అని ఉంది, కంపెనీ బొమ్మ ఉండాల్సిన చోట హెచ్చరిక త్రికోణం. ఇట్టాంటి కార్డులను పట్టే ఏర్పాటు 2018 నుంచే అందులో ఉంది. కింద షేడర్లు (బొమ్మలను లెక్కగట్టే చిన్న భాగాలు) 192. అసలు 1050 టీఐకి 768 ఉండాలి. చిప్పు పేరు జీపీ 107 ఉండాల్సిన చోట జీఎఫ్ 106. చిప్పు తయారీ కొలత 14 నానోమీటర్లు ఉండాల్సింది 40.

అంటే అది 2010లో వచ్చిన జీటీఎస్ 450. కార్డు మీదుండే బయోస్ చిప్పులో పేరు, మెమరీ అంకె మార్చి రాసేస్తారు. విండోస్, ఆట ఆ రాతనే చదివి నమ్ముతాయి. లోపల నిజంగా ఉండేది 1 జీబీ మెమరీనే. ఆట 4 జీబీ ఉందనుకుని నింపుకుంటా పోయి, ఆ ఒక్క జీబీ దాటగానే మేడలు నల్లబడతాయి. ఆ పాత చిప్పుకు 106 వాట్ల దాకా కావాలి, అందుకే ఆరు పిన్నుల సాకెట్. 1050 టీఐ చిప్పుకు సొంతంగా వీజీఏ సిగ్నల్ ఇచ్చే భాగమే ఉండదు, కాబట్టి కార్డు మీద నీలం వీజీఏ సాకెట్ కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఆ తరం చిప్పులకు కొత్త డ్రైవర్లు ఇవ్వడం తయారీ కంపెనీ ఎన్‌విడియా 2018లోనే ఆపేసింది. అప్‌డేట్ చేస్తే నాటకం బయటపడుతుంది, అందుకే ఆ "నొక్కబాకండి".

కళ్లతో చూస్తేగానీ నమ్మబుద్ధి కాక వెనక నాలుగు స్క్రూలు తీసి హీట్‌సింక్ ఎత్తా. ఎండిపోయి సున్నంలా అయిన పేస్టును గుడ్డతో తుడిస్తే చిప్పు మీద చెక్కిన అక్షరాలు తేలాయి, జీఎఫ్ 106 అని. అది నేను చేసిన పెద్ద తప్పు. మర్నాడు షాపుకు పోతే ఆయన మొదట చూసింది స్క్రూ మీద చిరిగిన స్టిక్కరే. "సీలు విప్పారు, ఇంకేం మాట్లాడతాం" అన్నాడు. మీరు అట్టా విప్పొద్దు. జీపీయూ-జెడ్ స్క్రీన్‌షాట్, కార్డు నాలుగు వైపులా ఫొటోలు చాలు.

ఇంకో దెబ్బ బిల్లు దగ్గర తగిలింది. ఆయన ఇచ్చింది ఎస్టిమేట్ చీటీ. దాని మీద "గేమింగ్ కార్డు 4 జీబీ" అనే ఉంది, మోడల్ లేదు, సీరియల్ నంబరు లేదు. డబ్బుల్లో 3,000 ఫోన్లో కొట్టాం, 2,200 చేతికిచ్చాం. ఫోన్లో పోయిన దానికే ఇప్పుడు రుజువు ఉంది. మీరు కొంటే మొత్తం ఫోన్లోనే కట్టండి. మోడల్ పేరు, సీరియల్ నంబరు రాసిన బిల్లు ఇస్తేనే కార్డు చేతిలోకి తీసుకోండి. రాయనంటే బయటికొచ్చేయండి.

1915కి ఫోన్ చేశాం, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతాం. 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వెయ్యొచ్చు. 5,200 కోసం ఇంత తిరుగుడా అని ఇంట్లోనే అన్నారు. వాడు ఎండలో కాయలు మోసిన డబ్బు అది, నేను వదలను.

అసలు కార్డే అమ్మినా పేరులో మోసపోయే చోట్లున్నాయి. జీటీ 1030 అని రెండు రకాలుంటాయి. జీడీడీఆర్5 రకం మెమరీ ఉన్నది ఫర్వాలేదు. డీడీఆర్4 ఉన్నదానిలో మెమరీ వేగం దాంట్లో సగం కూడా ఉండదు, పేరు మాత్రం అదే. ఆర్ఎక్స్ 580కి 2,304 షేడర్లుండాలి. 2,048 చూపిస్తే అది తక్కువ రకం, ఆ ధరే కట్టాలి. జీటీఎక్స్ 1060లో 6 జీబీదానికి 1,280, 3 జీబీదానికి 1,152. ఈ అంకెలు ఫోన్లో రాసి పెట్టుకుని పోండి. షాపులోనే కంప్యూటర్‌కు బిగించి జీపీయూ-జెడ్ తెరిచి చూపించమనండి. అసలు సరుకు అమ్మేవాళ్లు దానికి ఏమీ అనుకోరు. ఒంగోలులో ఒకాయన అడక్కముందే పెట్టి చూపించాడు, నేను కళ్లారా చూశా.

మావాడి కంప్యూటర్‌కు ఇప్పుడు కార్డు లేదు. ఉన్న 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్కు అని అప్పుడు గమనించాం. అట్టాంటిదే ఇంకోటి పక్కన పెట్టాం. రెండు స్టిక్కులూ కలిసి పనిచేసే ఈ డ్యూయల్ ఛానల్ వల్ల ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌కే మెమరీ దారి రెండింతలవుతుంది. చిన్న ఆటలు మునుపటి కంటే హాయిగా ఆడుతున్నాయి. జీటీఏ మాత్రం వచ్చే మామిడి కాపు దాకా ఆగాల్సిందే.

ఇప్పటికే ఇట్టాంటి కార్డు కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఈ రాత్రి ఆట మొదలుపెట్టకముందే జీపీయూ-జెడ్ వేసి చూడండి. సాటా కన్వర్టర్ ఉంటే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఆ ప్లగ్గు రంగు మారిందేమో చూసి తీసేయండి. అనుమానంగా ఉంటే ఫొటో పెట్టండి, నాకు తెలిసినంతలో చెప్తా.