గ్రో బ్యాగుల్లో నాలుగేళ్లు: దాహం కలిసిన మొక్కలే కలిసి బతికాయి

2021లో మృగశిర కార్తె వచ్చిన వారానికి హైదరాబాద్‌లో మా మేడ మీదికి 12 గ్రో బ్యాగులు, అంటే మట్టి నింపి మొక్కలు పెంచే ప్లాస్టిక్ సంచులు, చేరాయి. 15 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు, చదరపు మీటరుకు 220 గ్రాములు తూగే మందం, ఒక్కొక్కటి 90 రూపాయలు. అప్పటిదాకా నేను పెంచింది కోటలో తులసి ఒక్కటే. వంటకు కూరగాయలు, ఆకుకూరలు, పూజకు పూలు అన్నీ ఇంటి మీదే పండించుకోవాలన్న ఆశతో కొన్నాను. ఆ సంచులను నాలుగేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష ఇది. నేను పోగొట్టుకున్న మొదటి రెండు పంటలు కొత్తగా మొదలుపెట్టేవారికైనా దక్కాలని నా కోరిక.

ముందు సంచుల సంగతి. పన్నెండింటిలో ఏడు ఇప్పటికీ బాగున్నాయి. మూడింటికి పిడుల దగ్గర కుట్టు ఊడింది. ఆ పిడులు ఖాళీ సంచిని ఎత్తడానికే పనికొస్తాయి, మట్టి నింపిన సంచిని వాటితో లాగకూడదు. మిగిలిన రెండూ పడమటి ఎండ నేరుగా పడే మూలలో ఉండేవి. మూడో వేసవి దాటేసరికి ఎండ తగిలే పక్క రంగు వెలిసిపోయింది. వేలితో రాస్తే సన్నని ప్లాస్టిక్ పీలికలు మట్టిలో రాలాయి. తినే మొక్క వేళ్లున్న మట్టిలో అవి కలవడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. పీలికలు రాలడం మొదలైందంటే సంచి పని అయిపోయినట్టే, చిరిగేదాకా ఆగవద్దు. అయిదేళ్లు మన్నుతాయని అమ్మేటప్పుడు చెప్పారు. కాస్త నీడ పడే చోట ఆ మాట నిలబడేలాగే ఉంది, మండుటెండలో మాత్రం మూడేళ్లే.

ఇక అసలు విషయం, అంటే అన్నీ కలిపి పెంచడం. మొదటి ఏడాది ఒకే సంచిలో మధ్యన టమాటా, చుట్టూ కొత్తిమీర, ఒక పక్క పుదీనా, ఇంకో పక్క బంతి నాటాను. ఇరవై రోజులపాటు కళ్లు తిప్పుకోలేనంత ముచ్చటగా ఉంది. ఆ తరువాత పుదీనా మట్టి లోపల నుంచే పాకి కొత్తిమీర వరసలోకి వచ్చేసింది. బంతి గుబురుగా పెరిగి టమాటాకు గాలి ఆడనివ్వలేదు. పుదీనా వాడిందని సాయంత్రం మళ్లీ నీళ్లు పోస్తే టమాటా అడుగు ఆకులు పసుపెక్కాయి. టమాటా కోసం ఒక రోజు నీళ్లు ఆపితే పుదీనా తల వాల్చేసింది. తెనాలి దగ్గర పల్లెలో పెరిగిన మా అత్తయ్య ఆ దసరాకు వచ్చినప్పుడు సంచి ముందు కూర్చుని, మట్టిలో వేలు పెట్టి చూసి, “అమ్మాయీ, ఒకరికి పూటపూటా దాహం, ఇంకొకరికి మట్టి ఆరితే గానీ ఊపిరి ఆడదు. ఇద్దరికీ ఒకే కంచం పెట్టావు,” అన్నారు.

ఈ నాలుగేళ్లలో నాకు దొరికిన అతి విలువైన సలహా అదే. అప్పటి నుంచి కూర, ఆకు, పువ్వు అన్న లెక్క వదిలేసి, దాహాన్ని బట్టి మొక్కలను జతచేస్తున్నాను. పుదీనా, బచ్చలి రెండూ తడిని ఇష్టపడతాయి కాబట్టి పక్కపక్క సంచుల్లో ఉంటాయి. పుదీనాతో కలిపి మరి దేన్నీ నాటను, అది ఎవరికీ చోటు మిగల్చదు. వాము ఆకు, బిళ్ళగన్నేరు ఒకే సంచిలో రెండేళ్లుగా ఉన్నాయి. రెండు రోజులు నీళ్లు మరిచిపోయినా రెండూ ఓర్చుకుంటాయి. మిరప పక్కన పొట్టి రకం బంతి చక్కగా సర్దుకుంది.

అన్నిటికన్నా బాగా కుదిరిన జత టమాటా, పాలకూర. టమాటా నారు నాటిన రోజే చుట్టూ పాలకూర గింజలు చల్లుతాను. టమాటా కొమ్మలు విప్పుకునేలోపు, నెల రోజులకల్లా, పాలకూర ఒక కోత ఇచ్చేస్తుంది. ఆ తరువాత దాన్ని వేళ్లతో సహా తీసేస్తాను. ఒకే సంచి, ఒకే ఎరువు, రెండు పంటలు. కలిపి పెంచడంలో ఉన్న అందం ఇక్కడ కనిపించినంతగా నాకు మరెక్కడా కనిపించలేదు.

మట్టి మిశ్రమం దగ్గర కూడా మొదట తప్పు చేశాను. సగానికి పైగా ఎర్రమట్టే నింపాను. తడిసిన సంచి 50 కిలోల పైమాటే, ఇద్దరం పట్టినా కదలలేదు. వేసవిలో ఆ మట్టి ఇటుకలా బిగిసిపోయి, పోసిన నీరు అంచుల నుంచి జారి బయటికి వచ్చేసేది. ఇప్పుడు ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, వానపాముల ఎరువు ఒక పాలు, సంచికి గుప్పెడు వేపపిండి. అయిదు కిలోల కొబ్బరి పొట్టు దిమ్మె నానితే దాదాపు 70 లీటర్ల పొట్టు అవుతుంది కనుక ఒక్క దిమ్మె చాలా సంచులకు సరిపోతుంది. దాన్ని వాడే ముందు రెండు మూడుసార్లు నీళ్లలో కడిగి పిండాలి, పొట్టులో ఉప్పు ఉంటుంది. కడగకుండా వేసిన ఏడాది మెంతి ఆకుల అంచులు మాడిపోయాయి. పంటపంటకూ సంచిలో మట్టి రెండు అంగుళాలైనా దిగుతుంది, ఆ మేరకు ఎరువుతో నింపుతాను. సంచుల కింద ఇటుకలు పెట్టడం మాత్రం మొదటి రోజు నుంచే చేయండి. నేను ఆలస్యం చేసినందుకు స్లాబు మీద ఎర్రటి మరకలు మిగిలాయి.

పూలు, కూరలు పక్కపక్కన పెట్టడంలో ఒక ప్రమాదం ఉంది. కొనేటప్పుడు దాన్ని నాకు ఎవరూ చెప్పలేదు. రెండో ఏడాది పూజకని ఎర్ర మందారం తెచ్చి బెండ, గోంగూర సంచుల మధ్య పెట్టాను. ఒక ఉదయం మందారం మొగ్గల కింద తెల్లటి దూది అంటుకున్నట్టు కనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే పిండినల్లి. కాండం మీద చీమలు బారుగా ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. పిండినల్లి విడిచే తీపి జిగురు కోసం చీమలే దాన్ని కాచుకుంటాయని అప్పుడు తెలిసింది. వారం తిరిగేసరికి అది బెండ లేత కాయల తొడిమల్లోకి, అక్కడి నుంచి గోంగూర చిగుళ్లలోకి చేరింది. మందారం, బెండ, గోంగూర మూడూ ఒకే కుటుంబానికి చెందినవి కాబట్టి పురుగుకు మూడూ ఒకటే. సోకిన కొమ్మలు కత్తిరించి పారేసి, నీళ్లను గట్టిగా చిమ్మి కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీరు కలిపి వారానికొకసారి పొద్దు గుంకాక పిచికారీ చేశాను. నెల పట్టింది. గోంగూర బతికింది, బెండ పోయింది. ఇప్పుడు మందారం మేడకు ఆ చివర నందివర్ధనం పక్కన ఉంది. చీమల బారు కనిపించిన రోజునే ఆకులు తిరగేసి చూడటం నాకు అలవాటైంది.

బంతి పక్కన ఉంటే పురుగులన్నీ పోతాయని చాలామంది అంటారు. బంతి వేళ్లకు మట్టిలోని నులిపురుగులను అణచే గుణం ఉన్న మాట నిజమే, కానీ సంచికొక మొక్కతో తెల్లదోమ, పేనుబంక తగ్గడం నేను చూడలేదు. నా మేడకు బంతి చేసిన మేలు తేనెటీగలను పిలవడం. వెన్ను తుంచకుండా వదిలిన తులసి పూతకూ, బంతికీ వచ్చిన తేనెటీగలే ఉదయం విచ్చుకునే కాకర పూలను చూసుకున్నాయి.

బీరకు ఆ సాయం అందలేదు. మొదటిసారి పిందెలన్నీ చిటికెన వేలంత అయి, పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేశాను. అసలు కారణం వేరు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, అప్పటికి తేనెటీగలు గూటికి చేరుకుంటాయి. అందుకని ఆరు గంటల వేళ మేడెక్కి, గుత్తిలో నుంచి ఒక మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచి, వెనుక చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దాను. వేలికి పసుపు పుప్పొడి అంటుకుంది. మూడో రోజుకు ఆ పిందె తొడిమ లావెక్కి కిందికి వంగింది. ఆ ఒక్క కాయను వారమంతా వచ్చి చూశాం, కోయడానికి మనసు రాలేదు. అయితే తీగ జాతికి 15 అంగుళాల సంచి చాలదు. ఉదయం నిండుగా నీళ్లు పోసినా ఏప్రిల్ మధ్యాహ్నానికి ఆకులు వేలాడిపోయేవి. బీర, సొర, కాకరలకు 18 అంగుళాలకు తగ్గకుండా తీసుకోండి.

టమాటాకు కాలమే ప్రాణం. ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 35 డిగ్రీలు దాటాక పూత నిలవదు, ఎంత ఎరువు వేసినా అంతే. ఆగస్టులో నారు పోసి సెప్టెంబరులో నాటితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాయలు వస్తాయి. మూడు మొక్కల నుంచి ఒక శీతాకాలం దాదాపు 7 కిలోలు కోశాను. నీళ్లు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ అయితే కాయ అడుగున నల్లమచ్చ పడుతుంది. సంచి మట్టి త్వరగా ఆరుతుంది కాబట్టి ఈ బెడద నేలలో కన్నా ఎక్కువ. పైన ఎండుటాకులు కప్పాక బాగా తగ్గింది. రోహిణి ఎండలకు 50 శాతం నీడనిచ్చే వల తప్పనిసరి. వల లేని ఏడాది కరివేపాకు ఒక్కటే మిగిలింది.

పూల విషయంలో గ్రో బ్యాగుకు నేను మంచి మార్కులు వేయలేను. బంతి వంటి ఒక్క కాలపు మొక్కలకు ఫరవాలేదు. మల్లెకు వద్దు. ఏళ్ల తరబడి ఒకేచోట ఉండే మొక్క అది. సంచిని కొంచెం జరిపినా పక్కలు వంగి, లోపల మట్టి గడ్డ పగిలి, వేళ్లు తెగుతాయి. 2023లో దాన్ని పెద్ద మట్టి కుండీలోకి మార్చి, డిసెంబరు చివర కొమ్మలు కత్తిరించి ఆకులు దూశాను. మార్చి నుంచి రోజూ ఒక మూర మాల. చామంతి పూయకపోవడానికి మాత్రం సంచి కారణం కాదు. రెండు మొక్కల్లో ఒకటి నిండా పూసింది, మెట్ల దగ్గరున్నది మొగ్గ కూడా తొడగలేదు. అక్కడ రాత్రంతా దీపం వెలుగుతుంది. చామంతికి మొగ్గ రావాలంటే పొడవాటి చీకటి రాత్రులు కావాలి. ఆ మొక్కను చీకటి మూలకు మార్చాక సంక్రాంతి నాటికి అదీ పూసింది.

ఖర్చు తగ్గుతుందని ఖాళీ పెయింట్ డబ్బాలకు అడుగున రంధ్రాలు చేసి కూడా చూశాను. తడి బాగా నిలుపుతాయి, నాలుగేళ్లయినా చెక్కుచెదరలేదు. కానీ లోపల రంగు ఎంత గీకినా కొంత మిగులుతుంది కాబట్టి వాటిలో పూల మొక్కలే పెడతాను, తినేవి పెట్టను.

కొత్తవారు పన్నెండు కొనవద్దు. నాలుగు చాలు. ఆకుకూరలకు లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్నవి రెండు, టమాటా, వంగ, మిరపలకు 15 అంగుళాలవి రెండు. ఒక శీతాకాలం వాటితో గడిపి, ఏ మొక్క ఎన్ని నీళ్లు తాగుతుందో వేలు పెట్టి తెలుసుకున్నాక మిగిలినవి తెచ్చుకోండి.

ఈ మృగశిరకు నేను 18 అంగుళాల సంచులు మూడు కొత్తగా తీసుకున్నాను. ఒకదానిలో బీర, ఒకదానిలో సొర మొలిచాయి. మూడోదానిలో నిన్న సాయంత్రం, అత్తయ్య కాగితం పొట్లం కట్టి పంపిన చిక్కుడు గింజలు నాలుగు నాటాను.