వాషర్ బేసులు, అయస్కాంతపు పెట్టె: నాలుగు వానాకాలాల వాడకం తరువాత

బల్ల మీద యుద్ధాల ఆటలాడే చిన్న సైనికుల బొమ్మల కాళ్లకింద ఇనుప వాషర్ బేస్‌గా పెట్టాలనుకునేవాళ్లు ముందు తుప్పు సంగతి తేల్చుకోవాలి. మిగతావాటిలో చాలామటుకు సుగుణాలే. బరంపురంలోనూ పర్లాకిమిడిలోనూ ఆడే మా బృందం దగ్గర 1/72 కొలత (అసలు మనిషిలో డెబ్బై రెండో వంతు) మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు రెండు వందల పైచిలుకు ఉన్నాయి. అన్నీ వాషర్ల మీదే నిలబడ్డాయి. మొదటి నూట ఇరవై మాత్రం రెండుసార్లు నిలబెట్టాల్సి వచ్చింది.

మొదటి ఏడాది ఎవరడిగినా, బరువుగా నిలుస్తాయి, పైగా చవక, కళ్లు మూసుకుని వాషర్లు కొనమని చెప్పాం. ఆ మాటలో సగం ఇప్పటికీ నిజమే.

కాలిబంటుకు ఎం10 వాషర్ (10 మి.మీ. బోల్టుకు వేసేది) సరిపోతుంది. అడ్డంగా 20–21 మి.మీ., మందం 2 మి.మీ., బరువు మూడున్నర నుంచి నాలుగు గ్రాములు. హార్డ్‌వేర్ కొట్టులో తూకానికి ఇస్తారు, పావుకేజీకి అరవై పైన వస్తాయి. బొమ్మ కాలికింద ఉండే ప్లాస్టిక్ పలక, వాషర్ నడిమి బెజ్జాన్ని దాదాపుగా కప్పేస్తుంది. ఎం12 తీసుకుంటే 24 మి.మీ. వస్తుంది కానీ, బెజ్జం కూడా పెద్దదై బొమ్మ అందులోకి ఒరుగుతుంది. గుర్రాలకు ఎం16 పెట్టి చూశాం. 30 మి.మీ. వాషర్ మీద గుర్రం ముట్టె ముందుకీ తోక వెనక్కీ పొడుచుకొచ్చి, గల్లా పట్టుకునేంత దగ్గరగా రెండు గుర్రాలను చేర్చలేం. గుర్రాలకు రేకు ముక్కలు కత్తిరించుకోవడమే మేలు.

బేస్ ఇనుముది, అయస్కాంతం బొమ్మలు మోసుకెళ్లే పెట్టెలో. ఈ అమరికలోని హాయి ఆటలోనే తెలుస్తుంది. కొందరు తలకిందులుగా చేస్తారు, బేస్‌లో చిన్న అయస్కాంతపు బిళ్ల అతికించి పెట్టె అడుగున రేకు వేస్తారు. పెట్టెలో అది కూడా గట్టిగానే పట్టుకుంటుంది. బల్ల మీదికొచ్చాకే చిక్కు. పది పన్నెండు మంది కలియబడే చోట బేసులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, లేదా గభాలున అతుక్కుంటాయి. అంగుళంలో సగం తేడాతో గెలుపోటములు మారే ఆటలో బొమ్మ తనంతట తాను కదలడం ఒప్పుకోలేని విషయం. ఉత్త ఇనుముకు ఆ బాధ లేదు.

పెట్టె ఏదైనా పరవాలేదు, పాత ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా అడుగున ఒక మి.మీ. మందపు అయస్కాంతపు షీటు అతికిస్తే చాలు. బొమ్మలు నింపి మూత తీసి తలకిందులు చేయాలి. ఒక్కటీ రాలకపోతే బస్సెక్కించవచ్చు. షీటు వెనక వచ్చే జిగురును మాత్రం నమ్మకూడదు. వైశాఖం ఎండకు అది మెత్తబడి షీటు మూలలు లేస్తాయి. చెప్పులు కుట్టేవాళ్లు వాడే రబ్బరు జిగురు రెండు వైపులా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి అద్దితే ఊడదు.

ఇక తుప్పు. మొదటి విడతలో వాషర్లను కొట్టు నుంచి తెచ్చినవి తెచ్చినట్టే వాడాం. పైన తెల్ల జిగురు సగానికి సగం నీళ్లు కలిపి పూసి, గోపాలపురం సముద్రపుటొడ్డు ఇసుక చల్లి, ఆరాక ఆకుపచ్చ, మట్టి రంగులు వేశాం. వేసవి అంతా ముచ్చటగా ఉన్నాయి. ఆషాఢం దాటేసరికి అంచుల దగ్గర నారింజ రంగు చుక్కలు కనిపించాయి. శ్రావణంలో రంగు పొక్కులెత్తింది. దసరాకు ఇసుక పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఆట గుడ్డ మీద గుండ్రటి తుప్పు మరకలు పడ్డాయి, అవి ఉతికినా పోవు. పెట్టెలోనూ పట్టు తగ్గింది. తుప్పు పెచ్చులు షీటు మీద పేరుకుని బేస్‌కీ షీటుకీ మధ్య ఎడం పెంచాయి. అయస్కాంతానికి అర మి.మీ. ఎడం కూడా లెక్కే.

కారణాలు రెండు, మేం మొదట ఒకటే అనుకున్నాం. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. గంజాం తీరంలో వానాకాలమంతా అంతకు తగ్గదు. అందుకని రెండో విడతకు ఋషికుల్య ఎగువ నుంచి తెచ్చిన ఏటి ఇసుకను మూడు నీళ్లలో కడిగి, పెనం మీద వేయించి వాడాం. తుప్పు నెమ్మదించింది కానీ ఆగలేదు. అసలు తప్పు తెల్ల జిగురులోని నీళ్లది. ఉత్త ఇనుము మీద అది తడిగా ఉన్న కొద్ది గంటల్లోనే సన్నటి తుప్పు పొర మొదలవుతుంది. పైన జిగురు ఆరి మూత వేస్తుంది, లోపల తుప్పు పెరుగుతుంది. తుప్పుకు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు కావాలి, అందుకే రంగును కిందనుంచి ఎత్తేస్తుంది. ఉప్పు దాన్ని తొందరపెట్టిందంతే.

మూడో విడతకు జింకు పూత ఉన్న తెల్ల వాషర్లు తెచ్చాం. తుప్పు రాలేదు, రంగు నిలవలేదు. నున్నటి జింకు మీద నుంచి గోటితో గీరితే ఇసుకతో సహా ఊడొచ్చింది. 220 నంబరు గరుకు కాగితంతో రుద్దితే నిలుస్తుంది, అయితే రుద్దినచోట జింకు పలచనై, దేనికోసం కొన్నామో అదే పోతుంది.

ఇప్పుడు చేస్తున్న పద్ధతి మూడు వానాకాలాలుగా చెడలేదు. జింకు పూత లేని నల్ల వాషర్లకు నూనె పట్టి ఉంటుంది. అంట్ల సబ్బు వేసిన వేడినీళ్లలో తోమి, వెంటనే పెనం మీద ఆరబెట్టాలి. గాలికి వదిలేస్తే ఆరేలోపే తుప్పు వాసన వస్తుంది. తరువాత గేట్లకూ గ్రిల్‌లకూ వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌ను కొంచెం టర్పెంటైన్‌తో పలచన చేసి, పైనా కిందా అంచులూ బెజ్జం లోపలి గోడా వదలకుండా పూయాలి. వాషర్లను బైండింగు తీగకు దండలా గుచ్చి వేలాడదీస్తే రెండు వైపులా ఒకేసారి అవుతుంది. తీగ తగిలిన చోట తరువాత ఒక చుక్క అద్దాలి. ఒక రోజంతా ఆరాలి, వానల్లో రెండు రోజులు. కింద వైపు ఒక్క పూతే, అది మందమైతే అయస్కాంతం పట్టు తగ్గుతుంది. తుప్పుపట్టిన పాత వాషర్లను రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, తోమి, వంటసోడా నీళ్లలో ముంచి ఆరబెట్టి ఇదే దారిలో పెట్టాం. అన్నీ దక్కాయి, పది పన్నెండు బొమ్మల కాళ్లు మాత్రం పీకేటప్పుడు చీలమండ దగ్గర తెగాయి.

అనుకోకుండా దొరికిన మేలు ఎం-సీల్, రెండు ముద్దలు కలిపి పిసికితే గట్టిపడే పుట్టీ. మెత్తటి ప్లాస్టిక్‌ను ఏ ఇన్‌స్టంట్ జిగురూ గట్టిగా పట్టుకోదు, ఒక దెబ్బకు బొమ్మ చిటుక్కున లేచొస్తుంది. వాషర్ బెజ్జాన్ని తిట్టుకుంటూ పూడ్చడానికి ఎం-సీల్ వాడాం. ఆ బెజ్జమే వాషర్ బలమని తరువాత తెలిసింది. వాషర్ కింద కాగితపు టేపు అతికించాలి. రెండు ముద్దలనూ సమంగా తీసుకుని చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. బెజ్జం నింపి బొమ్మ పలకను అందులోకి నొక్కితే ముద్ద చుట్టూ పొంగుతుంది. ఆ పొంగును తడివేలితో పలక అంచుల మీదికి ఒక మి.మీ. ఎక్కించాలి. అతకడం కాదు, బిగించడం. జిగురు పట్టని ప్లాస్టిక్‌కు ఇదొక్కటే నమ్మకమైన దారి. పలక మెట్టు కూడా కనిపించకుండా పోయి, నేల చదునుగా వస్తుంది. ఒకసారికి ఎనిమిది పది బొమ్మలకు మించి కలపవద్దు, ఎండాకాలం త్వరగా బిగుస్తుంది.

బరువు విషయంలో మొదట్లో చెప్పిన గొప్పలు కొంత తగ్గించుకోవాలి. ఫ్యాను గాలికి బొమ్మ పడదు, నిజం. నున్నటి థర్మోకోల్ గుట్టల మీద మాత్రం ఇనుప బేస్ జారుతుంది. మా ఆటల్లో కొండలు చాలా ఎక్కువ, గంజాం కొండల్లో ఇంగ్లీషు కంపెనీ చేసిన 1835–37 నాటి ఘుమ్‌సర్ యుద్ధాలు తీసుకుంటే బల్లలో సగం అడవి, సగం వాలు. భంజనగర్‌ను చాలాకాలం రసెల్‌కొండ అన్నది ఆ యుద్ధాలు నడిపిన దొర పేరు మీదే. ఆ వాలులన్నిటికీ జిగురు పూసి రంపపు పొట్టు చల్లాల్సి వచ్చింది. చచ్చిన బొమ్మను పక్కకు పడుకోబెడితే గుండ్రటి బేస్ దాన్ని దొర్లించి ఇంకొకడి కాళ్ల మీదికి తీసుకుపోతుంది. పడినవాళ్లను తీసేసి గవ్వ పెట్టడం అలవాటు చేసుకున్నాం.

కోట ఆటలో ఎత్తు లెక్క తప్పుతుంది. బొబ్బిలి యుద్ధమే తీసుకోండి, 1757 జనవరి 24. వాషర్ 2 మి.మీ., పైన ఎం-సీల్, ఇసుక కలిపితే బొమ్మ మూడు మి.మీ. పైకి లేస్తుంది. ఆ కొలతలో అది మనిషికి దాదాపు జానెడు. రొమ్ము ఎత్తు పిట్టగోడ 18 మి.మీ. కట్టి ఉంటే లోపలివాడి భుజాలు బయటపడతాయి, బొమ్మ కంటి నుంచి చూసి గురి తేల్చే నియమాల్లో కోట మీదికొచ్చే ఫ్రెంచి సేనాని బుస్సీ మనుషులకు అది ఉచితంగా ఇచ్చిన వరం. పిట్టగోడను 21 మి.మీ.కు పెంచాం, గోడ వెనక నడిచే దారిని 25 మి.మీ. వెడల్పు చేశాం, అంతకు తగ్గితే బేస్ నిలవదు. తాండ్ర పాపారాయుడు రాత్రిపూట విజయరామరాజు డేరాలో దూరే ఆటకు వచ్చేసరికి ఈ బేసులు ఎంతో నచ్చాయి. విడివిడిగా నలుగురు మనుషులు, గుడారాల మధ్య సందులు, ఒక్కొక్కడినీ వేలితో జరపడం. వేలికి తగిలే ఆ చిన్న బరువు వల్ల బొమ్మ పెట్టినచోటే ఉంటుంది, కొలత మారదు.

ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ తలపడ్డ 1758 చందుర్తి లాంటి పోరులో సిపాయిలు భుజం భుజం కలిపి వరుసకట్టాలంటే గుండ్రటి 20 మి.మీ. బేస్ మధ్య సందులు వస్తాయి. అయిదుగురిని ఒక పలక మీద నిలబెట్టే అయస్కాంతపు పళ్లెం చేసుకుంటే కదపడం తేలికవుతుంది, వరుస మాత్రం పలచగానే ఉంటుంది. పెద్ద వరుసల యుద్ధాలే ఎక్కువగా ఆడేవాళ్లకు చతురస్రపు రేకు ముక్కలు మేలేమో.

చవక అన్న మాట కూడా సర్దుకోవాలి. వాషర్ చవకే. రెడ్ ఆక్సైడ్, టర్పెంటైన్, ఎం-సీల్, రెండు రోజుల ఎండ కలిపితే, బొమ్మకు పట్టే పని రంగు వేసే పనిలో సగానికి వస్తుంది. ఒక పెట్టె బొమ్మలు కొని అద్దాల బీరువాలో పెట్టుకుని, ఇంట్లోనే ఆడేవాళ్లకు ఇంత అవసరం లేదు, దళసరి అట్ట చాలు. నెలకు రెండుసార్లు బస్సులో బొమ్మలు మోసేవాళ్లకు, తీరానికి దగ్గరగా ఉన్నా సరే, మేం ఇవే చెబుతాం. కోరాపుట్, జయపురం వైపు ఉప్పు లేకపోయినా వాన ఇంకా ఎక్కువ. అక్కడ కడిగిన ఇసుక ఉందని ప్రైమర్ మానేయవద్దు. మా రెండో విడతలో మిగిలిన ముప్పై బొమ్మలు ఇంకా పాత బేసుల మీదే ఉన్నాయి, ఈ కార్తీకంలో వాటిని కూడా పీకాలి.