సోలార్ సబ్సిడీనా, ముందు వాడకం తగ్గించుకోవడమా? హైదరాబాద్ ఇంటికి ఏది మేలు?

డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుంటే కేంద్రం 78,000 రూపాయలు మీ బ్యాంకు ఖాతాలో వేస్తుంది. అదే డాబాకి ఎండను వెనక్కి కొట్టే తెల్ల పూత వేయించినా, ఇంట్లో ఫ్యాన్లన్నీ మార్చినా అలా డబ్బు పడదు. దాంతో కరెంటు బిల్లు తగ్గించుకోవాలనుకున్న ప్రతివాళ్ల చూపూ ముందు సోలార్ మీదికే పోతుంది. సబ్సిడీ ఎంత వస్తుందో చూసే ముందు మీ బిల్లులో యూనిట్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఏది మేలో తేల్చేది ఆ అంకే.

200 యూనిట్ల గీత

తెలంగాణలో గృహ వినియోగానికి స్లాబులు ఎలా ఉన్నాయో చాలామంది ఒక్కసారి కూడా విప్పి చూడరు. నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున, ఆ పై 100కు 4.80 చొప్పున పడుతుంది. 200 దాటితే లెక్క మొదటి యూనిట్ నుంచీ మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10, 201 నుంచి 300 వరకు 7.70, 301 నుంచి 400 వరకు 9 రూపాయలు. కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ పక్కన పెట్టి చూస్తే 200 యూనిట్లకు 820 రూపాయలు, 201 యూనిట్లకు 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు దాటింది!

గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్న ఇళ్లకు ఈ గీత ఇంకా కరుకు. 200 లోపు ఉన్నంతకాలం కట్టాల్సింది ఏమీ లేదు. దాటిన నెలలో మాత్రం మొత్తం బిల్లూ మీదే. ఈ ఇళ్లకు సోలార్‌తో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. వాళ్లకు కావాల్సింది ఏప్రిల్, మే నెలల్లో 220కి, 230కి పోయే మీటరును 200 లోపల ఆపడం. ఆ పని రెండు మూడు ఫ్యాన్లతో అయిపోతుంది.

సబ్సిడీ సోలార్: లెక్క ఎలా వేయాలి

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు ఉంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కి 30,000, మూడో కిలోవాట్‌కి 18,000, ఆ పైన ఏమీ లేదు. అంటే 1 కిలోవాట్‌కి 30,000, 2కి 60,000, 3కైనా 5కైనా 78,000. ప్యానెళ్ల సామర్థ్యం, వాటి డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్ సామర్థ్యం రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే సబ్సిడీ కడతారు. 3.3 కిలోవాట్ల ప్యానెళ్లకి 2 కిలోవాట్ల ఇన్వర్టర్ తగిలిస్తే వచ్చేది 60,000 మాత్రమే.

చాలా ఇళ్లు నష్టపోయేది ఇక్కడే. పూర్తి 78,000 వదులుకోవడం ఇష్టం లేక అవసరం లేని మూడో కిలోవాట్ పెట్టించేస్తారు. మన ఎండకు 1 కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, నెలకు 120. ఒక ఇల్లు వేసవి నాలుగు నెలలు 380 యూనిట్లు, మిగతా ఎనిమిది నెలలు 220 యూనిట్లు వాడుతుందనుకోండి. ఏడాదికి 3,280 యూనిట్లు. 2 కిలోవాట్లే ఏడాదికి దాదాపు 2,900 ఇస్తాయి. మూడోది పెడితే మిగులు గ్రిడ్‌లోకి పోతుంది. ఆ మిగులుకు డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చే ధర మీరు కట్టే 7.70, 9 రూపాయల దరిదాపుల్లో ఉండదు. మూడో కిలోవాట్‌కి అయ్యే ఖర్చులో 18,000 పోగా మిగిలిందంతా మీ జేబులోంచి పోయినట్టే. రేపో మాపో ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచన ఉంటే అది వేరే సంగతి.

దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన డీసీఆర్ ప్యానెళ్లకే సబ్సిడీ. వాటితో 2 కిలోవాట్లు సుమారు 1.3 నుంచి 1.5 లక్షలు, 3 కిలోవాట్లు 1.8 నుంచి 2.1 లక్షలు అవుతాయి. డబ్బు మొత్తం ముందు మీరే కట్టాలి, సబ్సిడీ తర్వాత వస్తుంది. 3 కిలోవాట్ల వరకు 2 లక్షల దాకా పూచీకత్తు లేకుండా ప్రభుత్వ రంగ బ్యాంకులు అప్పు ఇస్తాయి.

పని ఈ వరసలో జరుగుతుంది. బిల్లు మీదున్న యూఎస్‌సీ నంబరుతో (మీ కనెక్షన్ గుర్తింపు నంబరు) జాతీయ పోర్టల్లో నమోదు, దరఖాస్తు, పోర్టల్లో ఉన్న వెండర్‌తో ఒప్పందం, బిగింపు, నెట్ మీటర్ (గ్రిడ్ నుంచి తీసుకున్నదీ, గ్రిడ్‌కి పంపిందీ రెండూ లెక్కగట్టే మీటరు), డిస్కం తనిఖీ, కమిషనింగ్ సర్టిఫికెట్, చివరగా బ్యాంకు వివరాలు. 10 కిలోవాట్ల లోపు వాటికి సాంకేతిక పరిశీలన కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఆగిపోయేది ఎక్కువగా పేర్ల దగ్గర. మీటరు ఇంకా నాన్నగారి పేరు మీదో, ఇల్లు అమ్మినాయన పేరు మీదో ఉంటుంది, బ్యాంకు ఖాతా మీ పేరు మీద. అలా ఉంటే ముందు పేరు మార్పు చేయించుకుని, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. ఇంకోటి: తక్కువ ధర చెప్పే వెండర్ డీసీఆర్ కాని ప్యానెళ్లు తెస్తే సీరియల్ నంబర్ల దగ్గర దొరికిపోతాయి, సబ్సిడీ పోయేది మాత్రం మీకు. ప్యానెల్ వెనక సీరియల్ నంబరు బిగించకముందే ఫోటో తీసి పెట్టుకోండి. బిగించాక అక్కడికి చెయ్యి పోదు.

డాబా మీద కిలోవాట్‌కి దాదాపు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. సమస్యంతా నీడతోనే. వాటర్ ట్యాంకు, మెట్ల గది, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన అంతస్తు... ఉదయం 9 నుంచి సాయంత్రం 4 మధ్య ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా, ఒకే వరసలో కలిపిన మిగతా ప్యానెళ్ల ఉత్పత్తి కూడా దెబ్బతింటుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి నీడలు పొడుగు. మేలో చూసి బాగుందనుకున్న చోటు డిసెంబరులో సగం పనికిరాకపోవచ్చు. హైదరాబాద్ అక్షాంశం 17 డిగ్రీలకు కాస్త పైన. ప్యానెళ్లు దక్షిణానికి ముఖం పెట్టి 15 నుంచి 18 డిగ్రీల వాలుతో ఉంటే చాలు. ఎర్తింగ్ గుంతలు మూడు విడివిడిగా తవ్వించాలి: ప్యానెళ్ల వైపు డీసీ కరెంటుకి ఒకటి, ఇన్వర్టర్ తర్వాత వచ్చే ఏసీ కరెంటుకి ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి. మూడింటినీ ఒకే గుంతలోకి దించి చేతులు దులుపుకునే పనివాళ్లు ఉన్నారు, ఒప్పుకోకండి. బోరు నీళ్లతో కడిగితే ప్యానెళ్ల మీద తెల్లటి మరకలు పేరుకుపోతాయి. మంజీరా నీళ్లో వాన నీళ్లో వాడండి, అదీ ఎండెక్కకముందు.

బ్యాటరీ లేని సోలార్ కరెంటు పోయినప్పుడు పనిచేయదు. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. కరెంటు కోతల కోసం సోలార్ పెట్టించుకుంటున్నామనుకునేవాళ్లు ఈ ముక్క ముందే తెలుసుకోవాలి.

సబ్సిడీ లేని ఫ్యాన్లు, ఏసీ

పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటు లాగే బ్రష్‌లెస్ మోటారుతో తిరిగేది) అదే గాలికి 28 నుంచి 35 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు 14 గంటలు తిరిగే ఇంట్లో నెలకు 55 యూనిట్లకు పైగా మిగులు. పైన చెప్పిన ఇంటి లెక్కే చూడండి. వేసవిలో 380 నుంచి 323కి దిగితే నెలకు 513 రూపాయలు తగ్గుతుంది. చలికాలం ఫ్యాన్లు అంతగా తిరగవు కాబట్టి మిగతా నెలల్లో 30 యూనిట్లే తగ్గాయనుకున్నా, 220 నుంచి 190కి వచ్చేసరికి గీత దాటి కిందికి దిగినట్టు. బిల్లు 1,174 నుంచి 772కి పడుతుంది. ఏడాదికి 5,000 పైన ఆదా. మూడు ఫ్యాన్లకు అయ్యేది 9,000 అటూ ఇటూ. రెండేళ్ల లోపే తిరిగొస్తుంది. సబ్సిడీతో కూడా సోలార్ ఈ వేగాన్ని అందుకోలేదు, దానికి నాలుగైదేళ్లు పడుతుంది.

బీఎల్‌డీసీ బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటర్‌ను లైన్‌లోంచి తప్పించాలి. ఫ్యాన్‌లోని సర్క్యూట్ బోర్డుకి పూర్తి వోల్టేజీ కావాలి. రెగ్యులేటర్ అలాగే ఉంచి దాన్ని 3లో పెట్టి రిమోట్‌తో తిప్పితే కొన్నాళ్లకు బోర్డు పోతుంది. ‘బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఊరికే పాడైపోతాయి’ అన్న మాట వెనక ఈ కారణం తరచుగా ఉంటుంది.

ఏసీ విషయం వేరు. లేబుల్ మీద రాసే వార్షిక యూనిట్లు 1,600 గంటల వాడకానికి కట్టినవి. ఒకటిన్నర టన్నులో 3 స్టార్‌కీ 5 స్టార్‌కీ ఆ లెక్కన తేడా సుమారు 200 నుంచి 250 యూనిట్లు. మీరు ఏడాదికి 500 గంటలే వాడితే తేడా 70 యూనిట్లు, 9 రూపాయల చొప్పున 630. ఆ 5 స్టార్‌కి పెట్టిన అదనపు డబ్బు తిరిగిరావడానికి పదేళ్లు దాటొచ్చు. రాత్రంతా, నాలుగైదు నెలలు వాడే ఇంటికైతే 5 స్టారే కొనాలి.

కూల్ రూఫ్

ఎండను వెనక్కి కొట్టే పూత వేసిన డాబానే కూల్ రూఫ్ అంటారు. తెలంగాణ 2023లో 2023-28 కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 చదరపు గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. లాభం పై అంతస్తుకే. కింది పోర్షన్‌లో ఉన్నవాళ్లకు పూత వల్ల ఒరిగేది ఏమీ లేదు. పై అంతస్తు గదుల్లో 2 నుంచి 4 డిగ్రీల తేడా వస్తుంది. ఏసీ లేని ఇంటికి అది బిల్లులో కనిపించదు, కానీ రాత్రి పదింటికి కూడా సెగలు కక్కే స్లాబు కింద పడుకునేవాళ్లకు ఆ తేడా విలువ తెలుసు. పెద్దవాళ్లు, పసిపిల్లలు పై అంతస్తులో ఉంటే ముందు ఈ పనే చేయించండి, బిల్లు సంగతి తర్వాత.

సున్నం పూత కొద్ది ఖర్చుతో అయిపోతుంది, ఒకటి రెండు వేసవులకు మించి ఉండదు. మంచి ఎలాస్టోమెరిక్ (రబ్బరులా సాగే) పూత కొన్నేళ్లు నిలుస్తుంది. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ (ఎండను ఎంత తిప్పికొడుతుందో చెప్పే అంకె) విలువ 78కి తగ్గకుండా చూసుకోండి. ‘వాటర్‌ప్రూఫ్ వైట్’ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఎండను తిప్పికొట్టదు. ముందు పాచి గీకి, కడిగి, పగుళ్లు పూడ్చి, స్లాబు పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద వేస్తే బొబ్బలు లేస్తాయి, మిట్టమధ్యాహ్నం వేస్తే పైపొర ఆరిపోయి లోపల పట్టదు. ఉదయం ఒక కోటు, మర్నాడు రెండో కోటు. ఏటా ఫిబ్రవరిలో దుమ్ము కడిగేయాలి, మాసిన తెలుపు సగం పనే చేస్తుంది.

సోలార్ కూడా పెట్టించే ఉద్దేశం ఉంటే పగుళ్లు, పూత ముందు, ప్యానెళ్లు నిలబెట్టే స్ట్రక్చర్ తర్వాత. ప్యానెళ్లు వచ్చాక వాటి కింద బ్రష్ పట్టదు, లీకు దొరకదు. ప్యానెళ్లు కప్పిన మేర డాబాకి ఎలాగూ నీడే కాబట్టి అక్కడ ఖరీదైన పూత అక్కర్లేదు, వాటర్‌ప్రూఫింగ్ చాలు.

ఎవరికి ఏది

200 లోపు వాడే ఇంటికి, గృహజ్యోతి ఉన్నా లేకపోయినా, సోలార్ వద్దు. ఫ్యాన్లు మార్చండి. 200 నుంచి 300 మధ్య ఊగే ఇంటికి కూడా ముందు ఫ్యాన్లు, పై అంతస్తు అయితే కూల్ రూఫ్. ఒక వేసవి గడిచాక బిల్లులు చూసుకుని, ఇంకా 200 పైనే ఉంటే 2 కిలోవాట్ల సోలార్. ఇక్కడ ఒక మాట దాచకూడదు: వాడకం తగ్గించాక సోలార్ పెట్టుబడి తిరిగొచ్చే కాలం నాలుగైదేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పెరుగుతుంది. అయినా పెట్టే డబ్బు తగ్గుతుంది, ప్యానెళ్ల పనితీరు వారంటీ 25 ఏళ్లు. ఏడాది పొడుగునా 400 పైన వాడే ఇంటికి ఆలోచన అక్కర్లేదు, 3 కిలోవాట్ల దరఖాస్తు ఇప్పుడే పెట్టండి, ఫ్యాన్లు ఈలోపు మార్చుకోవచ్చు.

అపార్ట్‌మెంట్లలో డాబా అందరిదీ. అక్కడ ఒక్కొక్కరు విడిగా పాకులాడే కన్నా లిఫ్టు, మోటారు, మెట్ల దగ్గర లైట్ల మీటరుకు సొసైటీ తరఫున పెట్టించడం తేలిక. సంఘాలకు కిలోవాట్‌కి 18,000 చొప్పున, ఇంటికి 3 కిలోవాట్ల లెక్కన మొత్తం 500 కిలోవాట్ల దాకా ఇస్తారు. అద్దెకుండేవాళ్లకు మిగిలేది బీఎల్‌డీసీ ఫ్యాన్లే. ఓనరు గారి పాత ఫ్యాన్లు, రెగ్యులేటర్లు అటక మీద భద్రంగా పెట్టి, ఇల్లు ఖాళీ చేసే రోజు అవి బిగించి మీవి మీతో పట్టుకుపోండి.