పాత మారుతికి హైడ్రోజన్ కిట్టా, సీఎన్‌జీయా, ఉన్న కార్బురేటరేనా?

మా బామ్మర్దిది 1998 నాటి మారుతి 800. ఏపీ 24 నంబరు, కార్బురేటర్ బండి. మిర్యాలగూడ నుంచి నల్లగొండకు వారానికి మూడుసార్లు తిప్పుతాడు. లీటరుకు 15 దాటడం లేదని ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. ఒకరోజు డిక్కీ తెరిచి, "బావా, నీళ్లతోని నడిచే హైడ్రోజన్ కిట్టు తెచ్చిన. లీటరుకు 30 వస్తదంటున్నరు" అన్నాడు. చూస్తే ఊరగాయ జాడీ అంత ప్లాస్టిక్ డబ్బా. లోపల వరుసగా స్టీలు పలకలు, బ్యాటరీకి రెండు వైర్లు, ఇంజన్‌కు ఒక సన్న పైపు. అంతే. బ్యాటరీ కరెంటు జాడీలోని నీళ్లను హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొడుతుంది, ఆ గ్యాస్ పైపులోంచి ఇంజన్‌లోకి పోతుంది.

మన దగ్గర "హైడ్రోజన్ కిట్టు" అంటూ అమ్మేది ఇదే. సిలిండర్‌లో హైడ్రోజన్ నింపి దానితోనే బండి నడపడం పూర్తిగా వేరే పని. ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం దగ్గరే మోసం మొదలవుతుంది.

ముందు ఈ జాడీ సంగతి. బండికి బిగించకముందే కొలుద్దామన్నాను. ఇంజన్ స్టార్ట్ చేసి, వైరుకు క్లాంప్ మీటర్ తగిలించి, బకెట్ నీళ్లలో లీటరు సీసా బోర్లించి పైపు అందులో పెట్టాం. 14 ఆంపియర్లు లాగుతూ 70 సెకన్లలో సీసాను గ్యాస్‌తో నింపింది. వాడి మొహం వెలిగిపోయింది. నిజానికి జాడీ బాగానే పనిచేస్తోంది, తేడా అంతా లెక్కలో ఉంది. ఆ లీటరులో మూడింట రెండు వంతులే హైడ్రోజన్, మిగతాది ఆక్సిజన్. ఆ హైడ్రోజన్ కాలితే వచ్చేది 100 వాట్లకు లోపే. బండి 60 స్పీడులో గంటకు 4 లీటర్ల పెట్రోలు తాగుతుందనుకుంటే అది సుమారు 35,000 వాట్లు. జాడీ ఇచ్చేది అందులో 350వ వంతు కూడా కాదు.

పోనీ, ఎంతో కొంత లాభమే కదా అంటే అదీ లేదు. జాడీ తాగే 190 వాట్ల కరెంటు ఆల్టర్నేటర్ నుంచి రావాలి. ఆల్టర్నేటర్ దాదాపు సగం పోగొడుతుంది. ఇంజన్ పెట్రోలులోని వేడిలో పావు వంతే పనిగా మారుస్తుంది. అంటే 1,500 వాట్ల పెట్రోలు తగలబెట్టి 100 వాట్ల గ్యాస్ చేసుకుంటున్నామన్నమాట.

"మరి పెట్టుకున్నోళ్లు మైలేజీ పెరిగిందంటున్నరు గదా?" అన్నాడు. కిట్టు బిగించేవాడు అదే చేత్తో, గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్ స్క్రూ కూడా తిప్పి పెట్రోలు తగ్గిస్తాడు. డబ్బు పెట్టినవాడు ఆ నెలంతా యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆననట్టు నడుపుతాడు. ఇంజెక్షన్ బండ్లకైతే ఆక్సిజన్ సెన్సర్‌ను ఏమార్చే చిన్న డబ్బా ఒకటి అంటగడతారు. దానితో గాలిలో పెట్రోలు పాలు మరీ తగ్గి వాల్వులు కాలిపోవచ్చు.

మర్నాడు నేను లేనప్పుడు జాడీలో బోరు నీళ్లు పోసి గుప్పెడు ఉప్పు వేశాడట. నీళ్లలో కరెంటు బాగా పారడానికి వేసే కాస్టిక్ పొటాష్ లేకపోతే ఉప్పైనా నడుస్తదని అమ్మినవాడు చెప్పాడు మరి. నల్లగొండ జిల్లా బోరు నీళ్ల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే "నల్లగొండ టెక్నిక్" అని పేరు పడింది. అయితే ఇక్కడ కొంప ముంచింది ఉప్పు. రెండు నిమిషాల్లో షెడ్డంతా బ్లీచింగ్ పౌడర్ వాసన. అది క్లోరిన్. పలకలు తినేసి నీళ్లు ఇటుక రంగు బురదయ్యాయి. వెంటనే వైర్లు పీకేశాడట. బురదలో క్రోమియం ఉంటుంది, చేతులు పెట్టొద్దన్నాను. పైగా ఆ జాడీలో హైడ్రోజన్, ఆక్సిజన్ ముందే కలిసి ఉంటాయి. కార్బురేటర్ ఒక్కసారి ఎదురు పేలితే నిప్పు పైపు వెంట జాడీ దాకా వస్తుంది.

ఇక అసలు హైడ్రోజన్. పెట్రోల్ ఇంజన్ దానితో నడుస్తుంది, అనుమానం లేదు. బీఎండబ్ల్యూ 2006 ప్రాంతంలో 12 సిలిండర్ల కారును అలా నడిపింది. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్, 8 కిలోల ట్యాంకు, చేసినవి దాదాపు 100 కార్లు. ఊరికే నిలిపినా కొద్ది రోజుల్లో ట్యాంకు ఆవిరయ్యేది. మన 800కి ఉన్నదే 37 హార్స్‌పవర్. హైడ్రోజన్ చాలా చోటు ఆక్రమించి గాలిని బయటికి నెడుతుంది కాబట్టి అందులోనూ ఆరో వంతు పోతుంది. పెట్రోలుకు కావలసిన నిప్పులో పదో వంతుకే అంటుకుంటుంది. ఇంజన్ సిలిండర్‌లో ఎర్రబడ్డ మసి ముక్క చాలు, గాలి లోపలికొచ్చే గొట్టంలోకి (మానిఫోల్డ్) ఎదురు పేలడానికి. పరిశ్రమలకు వచ్చే 7 ఘనపు మీటర్ల సిలిండర్‌లో ఉండేది దాదాపు 600 గ్రాములు, అంటే రెండుంపావు లీటర్ల పెట్రోలుతో సమానం. మిర్యాలగూడలో బయలుదేరితే నల్లగొండ గడియారం దాకా కూడా రాదు. సీఎన్‌జీ సిలిండర్‌లో హైడ్రోజన్ నింపుదామనే ఆలోచన అసలే వద్దు, ఉక్కు పెళుసుబారి పగులుతుంది. ఇది ల్యాబ్ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ చేయాల్సిన ప్రయోగం, ఇంటి ముందు చేసేది కాదు.

సీఎన్‌జీ అయితే చట్టం ఒప్పుకుంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆమోదం ఉన్న కిట్టే పెట్టించి, ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీలో రాయించుకోవాలి. మూడేళ్లకోసారి సిలిండర్ టెస్టు ఉంటుంది. డిక్కీ పోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు బండి కొంచెం ఈడుస్తుంది. రోజూ 60, 70 కిలోమీటర్లు తిరిగి, దారిలోనే పంపు ఉన్నవాళ్లకు నేను ఇదే చెబుతాను. మా వాడికి మాత్రం చెప్పలేదు. డిక్కీ అడుగున మ్యాటు ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే అవతలికి దిగింది. అంత బరువు సిలిండర్‌ను ఆ రేకు మోయదు. పైగా 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రిన్యువల్ ఉంటుంది. 2028లో మళ్లీ నిలబడాలి.

చివరికి కార్బురేటర్ విప్పించాం. చలిలో స్టార్ట్ కావడానికి గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువిచ్చే చోక్ పలక సగం మూసుకుని ఇరుక్కుపోయి ఉంది. కేబుల్ తుప్పు పట్టి వెనక్కి రావడం లేదు. ఏడాదిగా బండి పొద్దున చలిలో తాగినట్టే పొద్దంతా తాగుతోంది! చోక్ కేబుల్, జెట్‌ల శుభ్రం, కొత్త ప్లగ్గులు, టైమింగ్. పెట్రోలు పైపులన్నీ కూడా మార్పించాను. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బి పగులుతుంది. ఇథనాల్ కాలితే వచ్చే వేడి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి, ఏ రిపేరు చేసినా ఆరేడు శాతం మైలేజీ తిరిగి రాదు. అయినా పోయిన నెల ఫుల్ ట్యాంకు చేసి చూస్తే లీటరుకు 17న్నర వచ్చింది.